తొమ్మిది చీరలు, మూడు బొంతలు: ఒక కేస్ స్టడీ

శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డుకు దగ్గరగా ఉన్న మా ఇంట్లో ఇరవై ఏళ్ళకు పైగా బొంతలు కుడుతున్నాను. ఇది నాకు జీవనోపాధి కాదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ సెలవు రోజుల వ్యాపకంగా ఉండేది, విరమణ తరువాత రోజువారీ పనిగా మారింది. ఇప్పటివరకు కుట్టినవాటిలో చాలావాటి గురించి రాయవలసినంత ఏమీ లేదు. బట్ట కొత్తది, కొలత సరిగ్గా ఉంది, కుట్టు నిలిచింది, అంతటితో పని ముగిసింది. ఈ ఒక్క కేసును మాత్రం వివరంగా నమోదు చేయాలనిపించింది, ఎందుకంటే ఇందులో జరిగిన నష్టానికి మూలం నాకు పద్ధతి బాగా తెలుసునన్న నమ్మకమే. పాత చీరలతో బొంత కుట్టాలనుకునేవారు, ముఖ్యంగా మిషను మీద చేయి తిరిగినవారు, చీరను కత్తిరించక ముందే దీన్ని చదివితే కొంత బట్టయినా మిగులుతుందని నా ఆశ.

చీరలు వచ్చిన తీరు

సంక్రాంతి వెళ్ళిన వారం, విజయనగరంలో ఉండే స్నేహితురాలు ఒకరు ఒక పాత ట్రంకు పెట్టెతో ఆమదాలవలస స్టేషనులో దిగి, ఆటోలో మా ఇంటికి వచ్చారు. అంతకు ముందు కార్తీకంలో ఆమె తల్లిగారు పోయారు. పెట్టెలో ఆ తల్లిగారి చీరలు తొమ్మిది ఉన్నాయి. ఆ తల్లిగారికి ఇద్దరు ఆడపిల్లలు, ఒక మగపిల్లవాడు కనుక మూడు బొంతలు కావాలనీ, ప్రతిదానిలోనూ అన్ని చీరల ముక్కలూ కనిపించాలనీ ఆమె కోరారు. కొలత అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, అంటే 60 అంగుళాలకు 84 అంగుళాలు.

ఆ తొమ్మిదింటిలో ఒకటి పొందూరు ఖద్దరు. తెల్లనిది, సన్నని అంచుతో ఉన్నది. ఒకటి ఆకుపచ్చ మంగళగిరి నూలు చీర. మూడు ఇంట్లో కట్టుకునే ముతక నేత చీరలు, రెండు వాయిల్ చీరలు, ఒకటి ముదురు ఎర్ర నూలు చీర, చివరిది పాలియెస్టర్. ఇంత కలగాపులగమైన మూటను చూడగానే నేను చేయవలసిన మొదటి పని లెక్క వేయడం. అయిదున్నర మీటర్ల చీర 46 అంగుళాల పన్నాతో ఏడున్నర చదరపు గజాలకు కాస్త పైన ఉంటుంది. పాలియెస్టర్‌నూ, రంగు మీద అనుమానం ఉన్న ఎర్ర చీరనూ పక్కన పెడితే మిగిలిన ఏడు చీరలకు సుమారు 53 చదరపు గజాలు వస్తుంది. నాలుగు పొరల బొంత ఒక్కొక్కటి పదహారు చదరపు గజాలకు కొంచెం తక్కువ తింటుంది కనుక, మూడింటికి 47 గజాలు చాలు. కాగితం మీద సరిపోయింది. అయితే కట్టి విడిచిన చీరను తానులోని కొత్త బట్ట లెక్కలో కొలవకూడదన్న సంగతి నాకు తెలిసి కూడా, ఆ రోజున నేను దాన్ని పక్కకు నెట్టాను.

చీర అంతటా ఒకేలా అరగదు. లోపల దోపుకునే లోచెంగు ఎండ తగలక, ఒరిపిడి లేక, దాదాపు కొత్తదానిలాగే ఉంటుంది. కుచ్చిళ్ళ భాగం పై అంచు బొడ్డు దగ్గర నలిగి, కింది అంచు నేలకు రాసుకొని, మధ్య భాగం మాత్రం బాగుంటుంది. కూర్చునేటప్పుడు వెనక పడే మూరన్నర బట్ట అన్నిటికంటే ముందు జాలిజాలిగా అయిపోతుంది. పైట చెంగు చూడటానికి బాగానే ఉంటుంది, కాని భుజం మీద మడత పడే గీత వెంట పడుగు దారాలు, అంటే చీర పొడవునా సాగే దారాలు, తెగి ఉంటాయి. ఫాల్ కుట్టిన చోట, ఫాల్ విప్పాక, సూది చిల్లుల వరుస కనిపిస్తుంది. ఈ భాగాలను తీసివేస్తే ఒక్కో చీరలో పావు వంతు పోతుంది. 53 గజాలు 40 గజాలవుతాయి. ఈ లెక్క నేను రెండో ప్రయత్నం ముందు వేశాను. మొదటి ప్రయత్నం ముందు వేయవలసింది.

పరీక్షలు

మా ఆదివారం బృందంలో నాతో కలిపి నలుగురం. పక్క వీధిలోని పిన్నిగారికి డెబ్బై దాటాయి. రాజాం దగ్గరి పల్లెలో పుట్టి పెరిగి, బొంత కుట్టును పని అని కూడా అనుకోకుండా నేర్చుకున్న మనిషి. మా తోడికోడలు జాకెట్లు కుట్టడంలో దిట్ట, మిషను పెడలు మీద కాలు పెట్టిందంటే ఆపడం కష్టం. నాలుగో అమ్మాయి బ్యాంకు ఉద్యోగి. కొలతలు, రంగుల పొందిక, వేరే దేశాలవాళ్ళు ఏం చేస్తున్నారన్న సమాచారం ఆమె బాధ్యత. టీ పెట్టేది మాత్రం ఎప్పుడూ నేనే, దాని మీద నాకు కొంత ఫిర్యాదు ఉంది.

రంగు పరీక్షకు తెల్ల మల్ బట్టను, అంటే పలుచని నూలు గుడ్డను, తడిపి, చీర మీద పరచి, వేడి ఇస్త్రీపెట్టెతో నిమిషం సేపు అదిమాము. ఆకుపచ్చ చీర ఏమీ వదలలేదు. వాయిల్ చీరల్లో ఒకటి లేత నీలం మచ్చ వదిలింది, రెండు ఉతుకులకు అది ఆగిపోయింది. ఎర్ర చీర మాత్రం మల్ బట్టను పూర్తిగా గులాబీ చేసింది. పిన్నిగారు ఉప్పు, పటిక వేసిన నీళ్ళలో రాత్రంతా నానబెట్టమన్నారు. ఆమె మాట తీసివేయలేక అలాగే చేశాను. ఆరుసార్లు ఉతికినా నీళ్ళు ఎర్రగానే పోయాయి. అద్దకం తొట్టెలో ఉప్పు రంగును నూలులోకి ఎక్కిస్తుంది కాని, అద్దకం అయిపోయిన బట్టలో అంటుకోకుండా మిగిలిపోయిన రంగును ఉప్పు పట్టి ఉంచలేదు. పటిక సంగతి వేరు. కలంకారీ వంటి సహజ రంగుల పనిలో రంగును నూలుకు కట్టి ఉంచేది పటికే, పిన్నిగారి నమ్మకానికి మూలం బహుశా అక్కడే ఉంది. మిల్లు రంగు దగ్గర ఆ విద్య పనిచేయదు. ఎర్ర చీరను పూర్తిగా పక్కన పెట్టాము. స్నేహితురాలికి ఇది బాధ కలిగించింది, ఎందుకంటే తల్లి పండగలకు కట్టుకున్నది అదే.

బట్ట బలం చూడటానికి నా పద్ధతి సాదాసీదాది. బెత్తెడు దూరంలో రెండు బొటనవేళ్ళతో బట్టను పట్టి, ముందు పడుగు వైపు, తరువాత పేక (అడ్డు దారాల) వైపు లాగుతాను. గట్టి బట్ట నిశ్శబ్దంగా సాగి వెనక్కి వస్తుంది. అలసిన బట్ట సన్నగా చిటచిటలాడుతుంది. ఆ శబ్దం వినిపించిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టాలి. పొందూరు చీర ఈ పరీక్షలో నన్ను తికమక పెట్టింది. వాలుగ చేప దవడ ఎముకతో దువ్విన పత్తిని ఇరవై నాలుగు ఆకుల రాట్నం మీద వడికి, నూరు కౌంటుకు (కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నం) మించి నూలు తీసే ఊరు అది. బట్ట ఎంత పలుచగా ఉంటుందంటే, కిటికీ దగ్గర పట్టుకుంటే అవతలి మనిషి కనిపిస్తాడు. పలుచదనాన్ని నేను బలహీనత అనుకున్నాను. నిజానికి లోచెంగు వైపు రెండు గజాలు, ముతక నేత చీరలకంటే గట్టిగానే ఉన్నాయి. పాడైంది గంజి పెట్టి ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉంచిన గీతల వెంట మాత్రమే. ఆ మడతల దగ్గర వేలు తగిలితే చాలు, బట్ట కాగితంలా విడిపోయింది.

మొదటి ప్రయత్నం

మూడింటిలో ఒకదాన్ని ముందుగా పూర్తి చేసి చూపించాలని, నాలుగు పొరల లెక్క పక్కన పెట్టి, నాకు అలవాటైన మూడు పొరల పద్ధతిలోనే మొదలుపెట్టాను: పైన ముక్కల కూర్పు, మధ్యలో దూది, అడుగున కొత్త బట్ట, మూడింటినీ మిషను మీద కలిపి కుట్టడం. ఆరున్నర అంగుళాల చదరాలు 140 కత్తిరించాను. ప్రతి అంచునా పావు అంగుళం మార్జిన్ పోగా ఆరంగుళాల చదరం మిగులుతుంది. అడ్డంగా పది, నిలువుగా పద్నాలుగు పేరిస్తే సరిగ్గా 60కి 84 వస్తుంది. లెక్క ముచ్చటగా కుదిరింది. కాని ఈ ముచ్చటకు బట్ట ఖర్చు చూడండి: 5,040 చదరపు అంగుళాల పైపొర కోసం 5,900 చదరపు అంగుళాలకు పైగా కోశాను, ఏడో వంతుకు మించిన బట్ట కుట్టు మార్జిన్లలో దాగిపోయింది. కొత్త బట్ట అయితే ఇది మామూలే. దొరకని బట్ట విషయంలో ఇది దుబారా.

మధ్య పొరకు దుకాణంలో ఏకించిన దూది కిలో తెచ్చాను. అడుగుకు కొత్త లాంగ్‌క్లాత్ కొన్నాను. తోడికోడలు, నేను వంతులు వేసుకొని, 16 నంబరు సూదితో, అంగుళానికి పన్నెండు పదమూడు కుట్లు పడేలా, రెండంగుళాల ఎడంతో గళ్ళు కుట్టాము. చూడటానికి చక్కగా ఉంది. పిన్నిగారు దాన్ని వేళ్ళతో నిమిరి, "ముసిలి గుడ్డకి అన్నేసి పోట్లేటమ్మా, తట్టుకుంటాదా?" అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను.

మొదటి ఉతుకులోనే సమాధానం దొరికింది. చీరలను నేను పలుమార్లు ఉతికి ఆరబెట్టాను కాని, లాంగ్‌క్లాత్‌ను తానులోంచి కోసినది కోసినట్టే వాడాను. అది పొడవున మూడంగుళాలు ముడుచుకుంది. ముడుచుకోవడం ఇక మిగలని పాత చీర పైన, ముడుచుకుంటున్న కొత్త బట్ట కింద, రెంటి మధ్యా కదులుతున్న దూది. ఈ లాగులాట అంతా కుట్టు గీతల మీద పడింది. మిషను సూది వేసిన దగ్గర దగ్గర చిల్లులు తపాలా బిళ్ళల మధ్య చిల్లుల్లా పనిచేసి, 11 చదరాలు గీత వెంట చిరిగిపోయాయి. దూది మూలలకు చేరి ఉండలు కట్టింది. పైగా అది ఆరడానికి రెండు రోజులు పట్టింది. ఇంకా వానాకాలం రాకముందే, మాఘ మాసపు ఎండలో. శ్రావణంలో అయితే ముక్కిన వాసన పట్టక మానదు.

ఈ నష్టాన్ని స్నేహితురాలికి ఫోనులో చెప్పడం కంటే ఎదురుగా చూపించడమే మర్యాద అనిపించి, విజయనగరం వెళ్ళి, కంటోన్మెంటులోని వాళ్ళింటి వరండాలో దాన్ని పరచి చూపించాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత "మిగతా చీరలు కోసీసారా అక్కా?" అని అడిగారు. ఇంకా కోయలేదన్నాను. నా ఇరవై ఏళ్ళ అనుభవంలో ఒక మంచి నిర్ణయం ఉందంటే, అది మూడింటికీ ఒకేసారి కత్తెర పెట్టకపోవడమే.

మళ్ళీ మొదటినుంచి

ఆ వారం పిన్నిగారితో కూర్చుని, తన చిన్నతనంలో ఇంట్లో బొంత ఎలా కుట్టేవారో అడిగి రాసుకున్నాను. ఆమె చెప్పిన దానిలో దూది ఎక్కడా లేదు. "బొంతంటే గుడ్డ మీద గుడ్డ. నడాన దూదెందుకు, అది పరుపు కదేటి?" అన్నారు. అన్నిటికంటే అరిగిన చీర మధ్యలోకి పోతుంది, గట్టిగా ఉన్నవి పైకీ కిందికీ వస్తాయి. చేతి కుట్టు, దూరంగా, వదులుగా. కుట్టిన బొంత మీద ఏడాదికో రెండేళ్ళకో మరో పాత చీర కప్పి మళ్ళీ కుడతారు. అందువల్ల పల్లెల్లో బొంతకు వయసు చెప్పడం కష్టం. లోపల అమ్మమ్మ చీర, పైన మనవరాలిది ఉంటాయి.

ఈ పద్ధతి వెనక ఉన్న తర్కాన్ని నేను అంతవరకు సరిగ్గా ఆలోచించలేదు. పాత బట్టకు లాగుడు పనికిరాదు, కాని నొక్కుడు ఫరవాలేదు. మధ్య పొరలో ఉన్న బట్ట ఒరిపిడిని మోయనక్కరలేదు. పై పొరా కింది పొరా దాన్ని కాపాడతాయి, అది వెచ్చదనాన్ని మాత్రం ఇస్తుంది. చేతి కుట్టు అంగుళానికి నాలుగో అయిదో పడుతుంది కనుక చిల్లులు తక్కువ; దారం వదులుగా ఉంటుంది కనుక ఉతికినప్పుడు బట్టతో పాటు కదులుతుంది. ఇక ఎండబెట్టడం: దూది లేని నాలుగు పొరల బొంత కిలోకు అటూ ఇటుగా తూగి, పూటలో ఆరిపోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం మీద విరుచుకుపడినప్పుడు మా అక్కగారింట్లో నానిపోయిన వాటిలో పరుపులు పారేయవలసి వచ్చింది. బొంతలు మాత్రం తాడు మీద వేస్తే ఆరి మళ్ళీ వాడుకకు వచ్చాయి. ఆ సంగతి నాకు తెలుసు. దాన్ని నా పనికి అన్వయించుకోలేదు, అంతే.

పన్నెండు అంగుళాల వెడల్పున పొడవాటి పట్టీలు అయిదు కలిపితే 60 అంగుళాలు వస్తుంది. చదరాల కూర్పులో వందల అతుకులుంటే ఇక్కడ నాలుగే నిలువు అతుకులు. పట్టీలను పడుగు దిశలోనే, లోచెంగులనుంచీ కుచ్చిళ్ళ మధ్య భాగం నుంచీ తీసుకున్నాము. సుద్ద గుర్తులున్న బలహీనమైన భాగాలను, ముక్కలు చేయకుండా, మధ్య రెండు పొరలకు పరిచాము. అప్పటికీ బట్ట చాలలేదు కనుక అడుగు పొరకు పిల్లలు ముగ్గురూ తమ ఇళ్ళనుంచి ఒక్కొక్క పాత చీర ఇచ్చారు. తమ్ముడి వంతుకు వాళ్ళావిడ ఇచ్చారు. ఈ ఏర్పాటు అవసరం కొద్దీ చేసిందే అయినా, పిల్లలకు మొదటి ఆలోచన కంటే ఇదే ఎక్కువ నచ్చింది.

పొందూరు చీర దగ్గర అభిప్రాయ భేదం వచ్చింది. దాన్ని అసలు కోయవద్దనీ, మడత మార్చి మార్చి పెట్టెలోనే భద్రపరచమనీ నేను సలహా ఇచ్చాను. ఇప్పటికీ అది సరైన సలహానే అనుకుంటాను. స్నేహితురాలు ఒప్పుకోలేదు. పెట్టెలో ఉన్నన్నాళ్ళూ దాన్ని ఎవరూ ముట్టుకోరన్నారు. చివరికి లోచెంగు వైపు గట్టిగా ఉన్న రెండు గజాలనుంచి మూడు పట్టీలు తీసి, ఒక్కో బొంతకు నడిమి పట్టీగా, అడుగున ఉతికిన మల్ బట్ట ఆస్తరుతో వేశాము. మిగిలినది మడత గీతలు తప్పించి మధ్య పొరలోకి వెళ్ళింది. పైకి కనిపించదు కదా అని బ్యాంకు అమ్మాయి సందేహిస్తే, "కనపడకపోతే ఏటి, ఒంటికి తగుల్తాది కదా" అన్నారు స్నేహితురాలు.

కుట్టు ఎక్కడ మొదలుపెట్టాలన్నది రెండో వాదన. మధ్యనుంచి అంచులకు కుట్టుకుంటూ పోతే మిగులు బట్ట బయటికి జారిపోతుందని నేను నేర్చుకున్నాను. పిన్నిగారు అంచునుంచి లోపలికి, చుట్టూ తిరుగుతూ కుడతారు. కర్ణాటకలో సిద్ధి స్త్రీలు కవండి అనే బొంతను సరిగ్గా ఇలాగే అంచునుంచి లోపలికి కుడతారనీ, మూలల్లో ఫులా అనే మడత ముక్కను తప్పనిసరిగా పెడతారనీ బ్యాంకు అమ్మాయి చెప్పడంతో పిన్నిగారి పక్షం బలపడింది. ఒకదాన్ని నా పద్ధతిలో, రెండింటిని ఆమె పద్ధతిలో కుట్టాము. రెంటికీ ముందు జాన ఎడంతో కచ్చా కుట్టు వేశాము కనుక పొరలు జరగలేదు. నా పద్ధతిలోది చదునుగా వచ్చింది. ఆమె పద్ధతిలోవి నడుమ కొంచెం ఉబ్బి, అలలు అలలుగా ముడతలు పడ్డాయి. కప్పుకోవడానికి ఆ ముడతలదే హాయి అని నలుగురం ఒప్పుకోవలసి వచ్చింది, నేను కొంత ఆలస్యంగా.

దారం విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది: పాత బట్ట మీద పాలియెస్టర్ దారం వాడకూడదు. లాగుడు వచ్చినప్పుడు తెగవలసింది దారం, బట్ట కాదు. దారం మళ్ళీ కుట్టుకోవచ్చు. బెంగాలులో కాంతా అనే బొంత కుట్టేవారు పాత చీరల అంచులనుంచే రంగు దారాలు లాగి వాడేవారని విని, మేమూ మంగళగిరి చీర అంచునుంచి లాగి చూశాము. బెత్తెడుకొకసారి తెగిపోయింది, వదిలేశాము. సాదా నూలు దారం, సన్నని సూది, అంగుస్తానా (సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే తొడుగు), అంతే సామగ్రి. వరుసకూ వరుసకూ ముప్పావు అంగుళం ఎడం పెట్టాము, అంటే సుమారు వేలి మందం. ఆ ఎడంతో ఒక్కో బొంతలో కుట్టు గీత మొత్తం 170 మీటర్లు వస్తుంది. చేయి కుదిరాక ఒక మనిషి గంటకు అయిదు మీటర్లు కుట్టగలదు. నలుగురం ఆదివారానికి రెండేసి గంటలు కూర్చుంటే నాలుగు వారాలు దాటుతుంది. మూడింటికీ కలిపి ఫాల్గుణంలో మొదలైన పని జ్యేష్ఠం దాకా సాగింది. నడుమ మా తోడికోడలు మిషను లేని కుట్టు మీద విసుగుతో రెండు వారాలు రాలేదు. ఆమె వచ్చాక చూస్తే మా అందరికంటే ఆమె కుట్లే సమానంగా పడ్డాయి.

ఖర్చు గురించి ఒక మాట. దారం, ఆస్తరుకు మల్ బట్ట, అంచు పైపింగుకు బట్ట కలిపి మూడింటికీ వెయ్యి రూపాయలు దాటలేదు. మొదటి ప్రయత్నానికి దూది, లాంగ్‌క్లాత్ పేరిట అంతకంటే ఎక్కువే పెట్టాను. పాలియెస్టర్ చీరతో బొంతలు మోసుకుపోవడానికి సంచులు కుట్టాము. వాటిలో నిలవ మాత్రం ఉంచవద్దని చెప్పి ఇచ్చాము, గాలి ఆడదు కనుక.

ఏడాది తరువాత

ఇచ్చేముందు ఒకసారి, ఆ తరువాత ఏడాది గడిచాక మరోసారి మూడింటినీ కొలిచాను. పొడవు వెడల్పుల్లో అంగుళం, అంగుళంన్నర తగ్గింది. అన్ని పొరలూ ముందే ఉతికినవి కనుక సమానంగా తగ్గి, ఎక్కడా లాగుడు కనిపించలేదు.

వాడుక మాత్రం మూడు ఇళ్ళలో మూడు రకాలుగా ఉంది. స్నేహితురాలు తనదాన్ని కార్తీకం నుంచి మాఘం దాకా రోజూ కప్పుకొని, మిగతా కాలంలో మంచం మీద పరుచుకుంటున్నారు. దానిలో రెండు చోట్ల దారం తెగింది, బట్ట చిరగలేదు. హైదరాబాదులోని చెల్లెలు వద్దన్న పనే చేసి వాషింగ్ మిషనులో వేశారు. ఒక పక్క పైపింగు ఊడి, ముతక నేత పట్టీ ఒకటి జాన పొడవున చీలింది. దాని మీద అదే చీర ముక్కతో అతుకు వేసి పంపాను. తమ్ముడిగారు విశాఖపట్నంలో దాన్ని బీరువాలో కలరా ఉండలు వేసి దాచారు. వాడితే పాడవుతుందని ఆయన భయం. నేను పరీక్షించిన మూడింటిలో ఆందోళన కలిగించినది అదే: ఏడాది పాటు ఒకే మడతలో ఉండి, పొందూరు పట్టీ మీద నిలువునా గీత పడి, వేలితో రాస్తే ఆ చిటచిట శబ్దం వినిపించడం మొదలైంది. గంజి లేదు కనుక ఇంకా చీలలేదు. మడత మార్చి, గుండ్రంగా చుట్టి, నూలు గుడ్డలో పెట్టి ఇచ్చాను. కనీసం సంక్రాంతికి పిల్లలు వచ్చినప్పుడైనా పరవమని వాళ్ళావిడతో చెప్పాను. "చెప్తాను గానీ వినరండీ" అన్నారు.

మొదటి బొంతను నెల రోజులు కూర్చుని విప్పాను. మంచివిగా మిగిలిన 129 చదరాల్లో చాలావరకు, పట్టీల కూర్పులో పొట్టి పడిన చోట్ల అతుకులుగానూ మధ్య పొరల్లోనూ కలిసిపోయాయి. ఎర్ర చీరను స్నేహితురాలు వెనక్కి తీసుకువెళ్ళారు. పొందూరు చీరలో తొమ్మిది అంగుళాల పట్టీ ఒకటి నా దగ్గర మిగిలింది. దాన్ని మల్ గుడ్డలో చుట్టి, మీద మూడు బొంతల కొలతలూ, దారం నంబరూ రాసిన చీటీ పెట్టి, మరమ్మతులకని సూదుల పెట్టెలో ఉంచాను. తమ్ముడిగారి బొంతకు అది త్వరలోనే కావలసి వస్తుందని నా అంచనా.